వంతెన ఎక్కితే బండి నిజం చెబుతుంది

మా రాజమండ్రిలో పాత కారు కొనేవాళ్ళకి ఒక అలవాటుంది. బేరం తెగేముందు బండిని గోదావరి వంతెన ఎక్కిస్తారు. అవతలి గట్టున ఉన్న కొవ్వూరు దాకా వెళ్ళి, అక్కడ ఒక టీ తాగి, మళ్ళీ వంతెన మీదుగానే వెనక్కి వస్తారు. ధర మాట ఆ తరవాతే. ఊళ్ళో నాలుగు వీధులు తిప్పితే అమ్మేవాడి మాటలే వినపడతాయి. వంతెన మీద అతుకు అతుక్కీ బండే మాట్లాడుతుంది. బుష్ అరిగితే ఒక చప్పుడు, కమాన్లు కుంగితే ఇంకో చప్పుడు, తలుపు బిగువు తప్పితే మరో చప్పుడు. "వంతెన ఎక్కితే బండి నిజం చెబుతుందండి" అనేవారు మా వీధి చివర షెడ్డు మేస్త్రి.

1974లో రాకపోకలు మొదలైన మన రోడ్డు కం రైలు వంతెనకి యాభై ఏళ్ళు నిండాయి. ఈ స్వర్ణోత్సవ సంచికలో దాని ఉక్కు గురించి, పునాదుల గురించి, రైళ్ళ గురించి రాయగల పెద్దలు చాలామంది ఉన్నారు. నేను కారు పిచ్చి ఉన్న కుటుంబంలో పుట్టి, ఈ వంతెన మీద కారు వెనక సీట్లో మోకాళ్ళ మీద నిలబడి పెరిగినవాణ్ణి. అందుకని ఈ నాలుగు మాటలూ కార్లవాళ్ళ తరఫున రాస్తున్నాను. ఈ వంతెన మాకు దారి ఇవ్వడంతో ఊరుకోలేదు. ఇంటింటికీ చెప్పుకుని నవ్వుకునే కథలు కూడా ఇచ్చింది.

రైలుకే తోవ ఉన్న రోజులు

మన ఊరి దగ్గర గోదావరి మీద మొదటి వంతెన హేవలాక్ వంతెన. 1897లో పని మొదలై 1900లో దాని మీద రైలు నడిచింది. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరే దానికి పెట్టారు. 56 ఖానాల ఆ వంతెన చూడముచ్చటగా ఉండేది గానీ, తోవ రైలుకి మాత్రమే. కారు ఉన్న ఆసామీ లేని ఆసామీ ఏటి గట్టుకి వచ్చేసరికి సమానమైపోయేవారు. ఇద్దరూ రైలెక్కాలి, లేదా లాంచీ ఎక్కాలి. కారు మాత్రం గట్టు మీద చెట్టు నీడన, డ్రైవరు కాపలాగా, యజమాని తిరిగొచ్చేదాకా నిలబడి ఉండేది.

కింద కోనసీమ వైపు సంగతి వేరు. అక్కడ కారు కూడా పడవెక్కేది. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన పంటు అది. నర్సాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య వశిష్ఠ పాయ మీద ఈనాటికీ పంటు నడుస్తోంది కాబట్టి ఈ తరం పిల్లలకీ ఆ దృశ్యం తెలుసు. పంటు మీదకి కారెక్కించడం ఒక విద్య. సముద్రం దగ్గర కనక అక్కడ ఏటికి పోటూ ఆటూ ఉంటాయి. పోటు మీద పంటు ఎత్తున తేలుతుంది, ఆటు మీద దిగిపోతుంది. చక్రాల కింద రెండు బల్లలు ఏ వాలులో వెయ్యాలో, ఎంత ఎడంగా వెయ్యాలో సరంగు కంటితోనే కొలిచేస్తాడు. కారు ఎక్కగానే చక్రం ముందొక చెక్క, వెనకొక చెక్క పెడతాడు.

మా చిన్నతాతయ్య కారు పంటెక్కినప్పుడల్లా జరిగేదొకటి మా ఇంట్లో చిన్నపిల్లలక్కూడా కంఠతా వచ్చు. అందరూ కారు దిగి పంటు అంచున గాలికి నిలబడితే ఆయన మాత్రం దిగేవారు కాదు. ఇంజను ఆపిన కారులో, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, అవతలి గట్టు వచ్చేదాకా కళ్ళు ఆర్పకుండా ముందుకి చూస్తూ కూర్చునేవారు. ఏరు వంపు తిరిగితే ఆయనా కాస్త తిప్పేవారు.

"బాబుగారూ, కాస్సేపు దిగి గాలి పీల్చుకోండి. పంటు మేం నడుపుతున్నాం కదండీ" అన్నాడట సరంగు.

"పంటు నువ్వు నడుపు. కారు నేను నడపొద్దూ?" అన్నారట ఆయన.

ఆ రోజు నుంచి ఆ రేవులో ఆయన పేరు 'గోదారి మీద కారు నడిపిన బాబుగారు'. 1974లో మన వంతెన మీద కార్లు తిరగడం మొదలైనప్పుడు, గోదావరి మీద కారు నడపడం ఇదే మొదటిసారని ఊరంతా మురిసిపోయింది. ఆయన మాత్రం మీసం దువ్వుకుని, "మీకు మొదటిసారేమో, నాక్కాదు" అన్నారు. ఆ మాటకి ఆయనకి హక్కుందనే మా ఇంటిల్లిపాదీ ఇప్పటికీ ఒప్పుకుంటాం.

మొదటి రోజుల మోజు

కింద రైలు, పైన రోడ్డు. ఏటి మీద దాదాపు 2.8 కిలోమీటర్లు, రెండు వైపులా రోడ్డు దారులు కలుపుకుంటే 4 కిలోమీటర్ల పైమాట. 91.5 మీటర్ల ఖానాలు 27, 45.7 మీటర్ల ఖానాలు 7. రాజమండ్రి చివర ఊరి ఇళ్ళని తప్పించడానికి వంతెన ఒక పక్కకి ఒంపు తిరుగుతుంది. ఆ ఒంపు దగ్గర కారు మలుపు తిరుగుతుంటే, కిందన రైలు కూడా అదే మలుపు తిరుగుతుంటే, పిల్లలకి అంతకు మించిన సంబరం లేదు. రైలు కింద నుంచి వెళ్ళినంతసేపూ కారు అద్దాలు సన్నగా అదిరేవి. "రైలు మీద కారెక్కాం" అని మేం బళ్ళో చెప్పుకునేవాళ్ళం.

కొత్తలో కొవ్వూరులో పని ఉండి వంతెన ఎక్కినవాళ్ళకంటే, వంతెన ఎక్కడమే పనిగా వెళ్ళినవాళ్ళే ఎక్కువ. పెట్రోలు చూస్తే మండిపోతోంది. 1973 చివర పశ్చిమాసియా యుద్ధంతో ప్రపంచమంతా చమురు ధర పెరిగింది, మన గోదావరి గట్టు మీదా పెరిగింది. అయినా సరదా చావలేదు. దానికీ మనవాళ్ళు ఉపాయం కనిపెట్టారు. వంతెన దిగేచోట వాలు వస్తుంది కదా, అక్కడికి రాగానే గేరు న్యూట్రల్లో వేసి ఇంజను కట్టేసేవారు. బండి ఊపిరి బిగబట్టినట్టు చప్పుడు లేకుండా జారుతూ ఎంత దూరం పోతే అంత లాభం. ఎవరి బండి ఏ కొట్టు దాకా పోయిందో మర్నాడు కాఫీ హోటల్లో లెక్కలు చెప్పుకునేవారు. బ్రేకుకీ స్టీరింగుకీ అది ఎంత ప్రమాదమో తెలిసిన ఈ రోజుల్లో అలాంటి పని ఎవరూ చెయ్యకూడదు.

తాళంచెవి కథ

గోదావరి దాటేటప్పుడు నీళ్ళలో నాణెం వెయ్యడం మన ఆనవాయితీ. రైల్లోంచీ వేస్తాం, బస్సులోంచీ వేస్తాం. వంతెన వచ్చిన కొత్తలో మా పెద్దమావయ్య తన అంబాసిడర్‌ని నడిమధ్యన ఆపి, ఇంటిల్లిపాదినీ దింపి, తలా ఒక నాణెం పంచారు. కళ్ళు మూసుకుని, దణ్ణం పెట్టుకుని, అందరూ ఒక్కసారిగా విసిరారు. కళ్ళు తెరిచాక చూసుకుంటే మావయ్య చేతిలో నాణెం అలాగే ఉంది. కారు తాళంచెవి లేదు.

అత్తయ్య నోట మాట లేదు. మావయ్య నీళ్ళవైపు చూసి, "గోదారమ్మకి కారే సమర్పించేశాను" అన్నారు నెమ్మదిగా. ఎండ. ఎనిమిది మంది జనం. అటు కొవ్వూరు, ఇటు రాజమండ్రి, రెండూ సమాన దూరం.

పావుగంటకి కొవ్వూరు వైపు నుంచి ఇంకో అంబాసిడర్ వచ్చింది. అందులో ఆసామి సంగతి విని, ఏమీ మాట్లాడకుండా తన తాళంచెవి తీసి మావయ్య బండికి పెట్టి తిప్పారు. తిరిగింది! పాతబడి అరిగిన అంబాసిడర్ తాళాలు ఒకదానివి ఒకదానికి పట్టడం ఆ రోజుల్లో డ్రైవర్లందరికీ తెలిసిన రహస్యమే. బండి స్టార్టయ్యింది. ఇంజను ఆపకుండా ఇంటిదాకా తీసుకుపొమ్మని చెప్పి ఆయన తన దారిన వెళ్ళిపోయారు. పేరు అడగడానికి కూడా ఎవరికీ తోచలేదు. "అమ్మ తీసుకుంది, అమ్మే పంపింది" అని మావయ్య చివరిదాకా అనేవారు. మా ఇంట్లో ఇప్పటికీ గోదావరి దాటేముందు ఎవరో ఒకరు, "చేతిలో ఏవుందో చూసుకోండి" అని కేకేస్తారు.

అంబాసిడరూ ఫియటూ

ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టి కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ ఒక పక్క. ఇటలీలో పుట్టి బొంబాయిలో తయారై, వంతెన వచ్చిన ఆ రోజుల్లోనే పద్మిని అని పేరు మార్చుకున్న ఫియట్ ఒక పక్క. అక్కడక్కడ మద్రాసు నుంచి వచ్చిన స్టాండర్డ్ హెరాల్డ్. మన డెల్టాలో కార్లవాళ్ళు ఇంచుమించు ఈ రెండు మూడు కులాలుగానే ఉండేవారు. కారు కావాలంటే డబ్బుంటే చాలదు, పేరు నమోదు చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అలా వచ్చిన బండి మీద మమకారం ఎంత ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

రాజమండ్రిలో మా నాన్నగారిది అంబాసిడర్. నిడదవోలులో మా మేనత్త భర్తది ఫియట్. ఏటా సంక్రాంతికి బావా బావమరుదులిద్దరికీ ఇదే తగువు.

"మా బండిలో పదిమంది పడతారు బావగారూ" అనేవారు నాన్నగారు. నిజమే, ముందు సీటు పొడుగ్గా బల్లలా ఉండి, గేరు స్టీరింగు పక్కనే ఉండేసరికి ముందే నలుగురు సర్దుకునేవారు.

"పదిమంది పడతారు. దిగి తొయ్యడానికి పదిమంది కావాలి కదా మరి" అనేవారు ఫియట్ మావయ్య.

ఒక ఏడాది భోగి నాడు ఫియట్ వంతెన మీద ఆగిపోయింది. నాన్నగారు వెళ్ళి, తాడు కట్టి, అంబాసిడర్‌తో లాక్కొస్తున్నారు. వెనక ఫియట్‌లో మావయ్య వంతెన పొడుగునా హారన్ మీద చెయ్యి తియ్యలేదు. ఇంటికొచ్చాక నాన్నగారు అడిగారు, "అన్నిసార్లు హారన్ ఎందుకు బావగారూ?" అని.

"మీ బండికి పికప్ లేదు కదా, వెనకనుంచి తోస్తున్నాను. దారి ఇమ్మని ముందువాళ్ళకి చెప్పొద్దూ?"

మరుసటి ఏడు కనుమకి అంబాసిడర్ రేడియేటరు కొవ్వూరు గట్టు మీద కాగిపోయి పొగలు కక్కింది. మావయ్య ఫియట్‌లో రెండు బిందెల నీళ్ళు పెట్టుకుని వచ్చారు. నీళ్ళు పోస్తూ ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనాన్ని నాన్నగారు ఏళ్ళ తరబడి తలుచుకునేవారు. ఆ పండక్కి ఆత్రేయపురం పూతరేకులూ తాపేశ్వరం కాజాలూ రెండు డిక్కీల్లోనూ సమానంగా పంచి సర్దారు.

మేస్త్రి చెవులు

మొదట్లో చెప్పిన మేస్త్రి దగ్గరకి మళ్ళీ వస్తాను. ఆయన చూడని బండి మా పేటలో ఎవరూ కొనేవారు కాదు. అమ్మేవాళ్ళందరూ ఒకే మాట చెబుతారు: "డాక్టరు గారు వాడిన బండండీ, ఒక్క చేతి మీద తిరిగింది." మేస్త్రి ఆ మాటకి తల ఊపేవారు, వెనక సీట్లో కూర్చునేవారు, కళ్ళు మూసుకునేవారు. "వంతెన మీదకి పోనివ్వండి. ముప్ఫై దాటొద్దు" అనేవారు.

వంతెన ఎక్కాక ఒక్కో అతుక్కీ ఆయన వేలు ఒక్కోసారి లేచేది. కొవ్వూరులో టీ దగ్గర తీర్పు మొదలు. "ముందు ఎడం పక్క బుష్ పోయిందండి. వెనక కమాన్లకి ఒక పట్టీ విరిగుంది. డ్రైవరు తలుపు ఒకసారి గుద్దుడు తిన్నది, రంగేశారు." అమ్మేవాడు అక్కడే కొంత తగ్గించేవాడు. తిరుగు దారిలో మేస్త్రి మళ్ళీ కళ్ళు మూసుకోబోతే, "మేస్త్రిగారూ, వద్దండి, ఇంకో రెండొందలు తగ్గిస్తాను, కళ్ళు తెరుచుకునే రండి" అని ఒకాయన బతిమాలాడట.

ఆయన విద్యలో మాయ లేదు. ఖానాకీ ఖానాకీ మధ్య వంతెనకి కొంత ఖాళీ వదులుతారు. ఎండకి ఉక్కు సాగుతుంది, చలికి కుంచించుకుంటుంది, ఆ సాగుకి చోటు కావాలి. ఆ అతుకు మీద చక్రం పడినప్పుడల్లా బండి కింద వదులుగా ఉన్న ప్రతి భాగమూ ఒకసారి కదిలి చప్పుడు చేస్తుంది. అవే అతుకులు, అంతే ఎడం, అదే వేగం. అందుకే ప్రతి బండికీ ఒకే పరీక్ష పెట్టినట్టయ్యేది. ఇంతకంటే న్యాయమైన పరీక్ష మా ఊళ్ళో ఇంకొకటి లేదు.

చిన్న కారు, పెద్ద పూజ

1983 డిసెంబరులో ఢిల్లీలో మారుతి 800 వచ్చింది. మన వైపు అది కనిపించినప్పుడు పెద్దలు నమ్మలేదు. అంబాసిడర్ ఇంజను 1489 సీసీలైతే దీనిది 796. "ఇది కారా, కారు పిల్లా?" అన్నారు ఒక తాతగారు. వంతెన మీద ఏటిగాలికి ఎగిరిపోతుందేమోనని వెనక డిక్కీలో బియ్యం బస్తా వేసుకుని దాటిన జాగ్రత్తపరులున్నారు. గాలికి ఎగరలేదు. సెల్ఫ్ కొట్టగానే స్టార్టయ్యింది, హ్యాండిలు తిప్పే పని పోయింది. దాంతో ఇంట్లో ఆడవాళ్ళు ధైర్యంగా స్టీరింగు పట్టారు. మా ఇంట్లో వంతెన మీద కారు నడిపిన మొదటి ఆడమనిషి మా మేనత్త. ఫియట్ మావయ్య పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకుని కాలితో తొక్కుతూనే ఉన్నారు.

కొత్త బండికి పూజ ఎక్కడన్నదీ పెద్ద చర్చే. తూర్పు వాళ్ళు అన్నవరం సత్యదేవుడి దగ్గరకంటారు. పడమటి వాళ్ళు ద్వారకా తిరుమల చినవెంకన్న దగ్గరకంటారు. మా మేనత్త కారుకి ఈ తగువు తెగక రెండు చోట్లా పూజ చేయించారు. అన్నవరంలో నాలుగు నిమ్మకాయలు, వంతెన దాటి దేవరపల్లి మీదుగా వెళ్ళి ద్వారకా తిరుమలలో నాలుగు. "ఎనిమిది నిమ్మకాయలు తొక్కిన కారు, దీనికేం కాదు" అన్నారు మావయ్య. ఇరవై ఏళ్ళ పైన ఏమీ కాలేదు.

ఏపీ 5, ఏపీ 37

తూర్పు గోదావరి బండికి ఏపీ 5, పశ్చిమ గోదావరి బండికి ఏపీ 37. ఏళ్ళ తరబడి ఈ రెండు నంబర్లూ ఈ వంతెన మీద ఎదురెదురు పడ్డాయి. అటువైపు బండి దారి ఇవ్వకపోతే "ఏపీ 37 కదండీ, ఆగదు" అని ఇటువాళ్ళు, హారన్ ఎక్కువ కొడితే "ఏపీ 5 అండి, మాటలెక్కువ" అని అటువాళ్ళు. నోటితో అంటూనే చేత్తో నమస్కారం పెట్టుకుని తప్పుకునేవారు. అంకెలు కూడితే తొమ్మిది రావాలని నంబరు కోసం నెలలు ఆగినవాళ్ళు రెండు గట్ల మీదా ఉన్నారు.

2019లో రాష్ట్రమంతా ఏపీ 39 అయ్యింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరిలోకి వచ్చాయి. ఇప్పుడు వంతెన రెండు చివరలూ ఒకే జిల్లా. బావా బావమరుదుల తగువు తీర్చడానికి ప్రభుత్వమే దిగొచ్చిందని మా మేనత్త నవ్వింది.

ఇప్పుడు వినాల్సింది మనం

హేవలాక్ వంతెన దాదాపు వందేళ్ళు పనిచేసి 1997లో విశ్రాంతి తీసుకుంది. దాని పని కమాను వంతెన అందుకుంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పెద్ద బండ్లకి ఇప్పుడు వేరే వంతెనలున్నాయి. మన రోడ్డు కం రైలు వంతెన మాత్రం ఇంకా పని చేస్తూనే ఉంది. 2023లో మరమ్మతుల కోసం కొన్నాళ్ళు మూసినప్పుడు, ధవళేశ్వరం మీదుగా చుట్టు తిరిగిన ప్రతివాడికీ దాని విలువ తెలిసొచ్చింది.

ఈ మధ్య మన కుర్రాళ్ళు షెడ్లలో మూలపడ్డ అంబాసిడర్లని బయటికి లాగి, రంగులేయించి, పెళ్ళిళ్ళకి తెస్తున్నారు. వంశీ గారు 1989లో తీసిన 'చెట్టు కింద ప్లీడరు'లో ఒక పాత కారు ఎంత ముద్దొచ్చిందో గుర్తున్నవాళ్ళకి ఆ కుర్రాళ్ళ ఆనందం అర్థమవుతుంది. పాత బండిని ప్రేమించేవాడికి ఒక గుణం అబ్బుతుంది. చప్పుడు మారితే ఆగుతాడు, దిగి చూస్తాడు, బరువు ఎక్కువైతే దింపుతాడు. పాత వంతెన పట్ల కూడా మనకి ఆ గుణమే కావాలి. యాభై ఏళ్ళు మన బండ్ల నిజాలన్నీ అది విని చెప్పింది. ఇప్పుడు దాని చప్పుడు మనం వినాలి.

కాబట్టి కార్లవాళ్ళందరికీ నా మనవి ఇది. వంతెన మీద వేగం తగ్గించండి. బరువు ఆంక్ష పెట్టినప్పుడు సణుక్కోకుండా పాటించండి. ఫొటోల కోసం మధ్యలో బండి ఆపకండి, నాణెం వెయ్యాలనుంటే రేవులో వెయ్యండి. మీ ఇళ్ళల్లో పాత ఆల్బమ్‌లు తీసి చూడండి. ఈ వంతెన మీద మీ నాన్నగారో తాతగారో కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఉంటే, వెనకాల ఏడాదీ, బండి నంబరూ, మనుషుల పేర్లూ ఈ రాత్రే రాసిపెట్టండి. వాళ్ళ పేర్లు చెప్పగల పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు.